విష్ణుక్రాంత: హైదరాబాదు బండల అంచున ఒక నీలిపువ్వును గుర్తుపట్టడం

హైదరాబాదులో వసంతం చెట్లకు ఒక నెలలో వస్తుంది, నేలమీది మొక్కలకు మరో నెలలో వస్తుంది. ఫాల్గుణం ముగిసి చైత్రం వచ్చేసరికి నగరం చుట్టూ ఉన్న గుట్టల మీద మోదుగ ఆకు రాల్చి ఎర్రగా పూస్తుంది, వేప చిగుర్చి ఉగాది పచ్చడికి పువ్వునిస్తుంది. సరిగ్గా అప్పుడే ఆ చెట్ల కింది నేల ఎండిపోయి, గడ్డి పాలిపోయి, అడుగు వేస్తే కరకరమంటుంది. వేర్లు లోతుకు దిగిన చెట్టు భూమి అడుగున మిగిలిన తేమతో ఎండల్లోనూ పూయగలదు కానీ, జానెడు ఎత్తు కూడా లేని మొక్కకు ఆ వీలు లేదు. దాని ఉగాది మృగశిర కార్తెలో వస్తుంది. జూన్‌లో నైరుతి రుతుపవనం తాకిన రెండు మూడు వారాలకే బండల పగుళ్లలో, చెల్క నేలల గట్ల మీద, బాట పక్కన మొరం తేలిన చోట చిన్న చిన్న పూలు మొదలవుతాయి. కాబట్టి దక్కను పీఠభూమి మీద వసంతపు అడవిపువ్వును వెతికేవారు పంచాంగం కన్నా వానను చూసుకుని బయలుదేరడం మంచిది.

అలా మొదలయ్యే పూలలో ఒకటి విష్ణుక్రాంత. తెలుగువారిలో ఈ పేరు వినని ఇల్లు తక్కువ. వినాయక చవితి పూజలో చదివే 21 పత్రులలో సాధారణంగా 11వదిగా వచ్చేది ఇదే. పేరు ఏటా నోట పలికినా మొక్కను నేల మీద చూసి ఇదీ అని చెప్పగలిగినవారు మాత్రం నగరంలో అరుదైపోయారు. చవితి ముందురోజు బజారులో కట్టగా కొన్న పత్రిలో విష్ణుక్రాంత పేరుతో వచ్చేది చాలాసార్లు వేరే మొక్క. ఈ పొరపాటుకు అమ్మేవారి అజాగ్రత్త ఒక్కటే కారణం కాదు. పేరు చరిత్రలోనే చిక్కు ఉంది, పువ్వు రంగులో మరో చిక్కు ఉంది. ఆ రెండింటినీ విడదీసి చూస్తే తేలే విషయం ఒకటే: విష్ణుక్రాంతను పట్టిచ్చేవి రంగు, పేరు కావు; పువ్వు లోపలి నిర్మాణమూ, మొక్క పట్టుకుని నిలిచిన నేలా.

ముందు మొక్కను దగ్గరగా చూడాలి. ఆషాఢంలో ఒక తెల్లవారి, ముందురోజు వాన పడి తెరిపి ఇచ్చాక, గుట్ట వాలులోని పరుపుబండ అంచుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంటే, బండకూ మట్టికీ మధ్య ఉన్న బెత్తెడు జాగాలో సన్నని కాడలు నలువైపులా పరుచుకుని కనిపిస్తాయి. అన్ని కాడలూ ఒకే మొదలు నుంచి బయలుదేరతాయి. ఆ మొదలు గట్టిపడి కట్టెలా ఉంటుంది, ఎందుకంటే ఇది ఒక్క వానాకాలంతో చచ్చిపోయే మొక్క కాదు, పైభాగం ఎండినా వేరు బతికి మళ్లీ చిగురిస్తుంది. కాడలు నేల మీద పాకుతాయి, కొసలు కొద్దిగా పైకి లేస్తాయి, కానీ దేన్నీ చుట్టుకోవు. ఆకులు చిన్నవి, సుమారు 1 నుంచి 2 సెంటీమీటర్ల పొడవు, కోలగా, దాదాపు తొడిమ లేకుండా కాడకు అంటుకుని ఉంటాయి. ఆకును వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే అంచు వెంట సన్నని వెండి గీత మెరుస్తుంది. ఆ మెరుపు నూగుది. కాడ, ఆకు, పువ్వు అడుగున ఉండే రక్షకపత్రాలు అన్నీ పట్టులాంటి తెల్లటి నూగుతో కప్పబడి ఉంటాయి, అందుకే దూరం నుంచి మొక్క మొత్తం బూడిదరంగు కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఎండ తగిలే బండ పక్కన బతికే మొక్కకు ఈ నూగు వేడిని తగ్గించే దుప్పటిలా, తేమను త్వరగా పోనివ్వని తెరలా పనిచేస్తుంది.

పువ్వు ఆకు పంగలో నుంచి దారంలాంటి తొడిమ మీద పైకి వస్తుంది. వెడల్పు 5 నుంచి 10 మిల్లీమీటర్ల లోపే. రూపాయి బిళ్ళలో సగం మించదు. లేత నీలం, మధ్యలో తెల్లటి చుక్క. చూపుకు ఐదు రేకులుగా అనిపించినా నిజానికి అవి విడి రేకులు కావు, అన్నీ కలిసి ఏర్పడ్డ ఒకే వెడల్పాటి గిన్నె. జాగ్రత్తగా చూస్తే ఐదు మడత గీతలు కేంద్రం నుంచి అంచుకు సాగుతూ కనిపిస్తాయి. పొద్దున విప్పుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. మధ్యాహ్నం మూడింటికి అదే చోటికి వెళ్లినవారికి అక్కడ ఏ పువ్వూ కనిపించకపోవచ్చు. విష్ణుక్రాంత అరుదైన మొక్క అనే భావన కొంతవరకు ఈ వేళాపాళా తెలియకపోవడం వల్ల పుట్టింది.

అసలు ముద్ర పువ్వు మధ్యలో ఉంది. భూతద్దంతో గానీ, ఫోను కెమెరాను బాగా దగ్గరికి తీసుకెళ్లి గానీ చూస్తే, ఐదు కేసరాల నడుమ అండాశయం మీద నుంచి రెండు సన్నని కీలాలు లేచి, ఒక్కొక్కటి మళ్లీ రెండుగా చీలి, మొత్తం నాలుగు పోగులుగా విచ్చుకుని ఉంటాయి. ఒకే కీలం, దాని కొసన రెండు చీలికలు ఉంటే అది కన్వాల్వులస్ ప్రజాతి. రెండు కీలాలు, నాలుగు పోగులు ఉంటే ఎవాల్వులస్ ప్రజాతి. ఈ రెండూ తూటికూర, చిలగడదుంప ఉన్న కన్వాల్వులేసీ కుటుంబానికే చెందినవి. లిన్నేయస్ 1753లో ఈ మొక్కను కన్వాల్వులస్ ఆల్సినాయిడిస్ అని పిలిచి, 1762లో దాన్ని ఎవాల్వులస్ అనే వేరే ప్రజాతిలో పెట్టాడు. లాటిన్‌లో మొదటి మాటకు చుట్టుకునేది అని, రెండో మాటకు చుట్ట విప్పుకున్నది అని భావం. తీగల కుటుంబంలో పుట్టి కూడా దేన్నీ అల్లుకోని మొక్కకు ఇంతకన్నా తగిన పేరు దొరకదు.

ఇక పేరు చిక్కు. సంస్కృతంలో క్రాంతం అంటే అడుగు పడినది, దాటబడినది. నేలకు అంటుకుని ఉండే నీలి పువ్వుకు విష్ణువు అడుగుతో పోలిక పెట్టడం సహజంగానే ఉంది. కానీ అమరకోశం విష్ణుక్రాంతను అపరాజిత, గిరికర్ణి అనే పేర్లతో కలిపి ఒకే చోట చెబుతుంది, ఆ రెండూ సాధారణంగా మనం శంఖపుష్పం అనీ, దింటెన అనీ పిలిచే తీగకు చెల్లే పేర్లు. అంటే పుస్తకాల సంప్రదాయంలో ఒక మొక్కకూ, పల్లె వాడుకలో మరో మొక్కకూ ఇదే పేరు స్థిరపడింది. కేరళలో దశపుష్పాలలో ఒకటిగా లెక్కించే విష్ణుక్రాంతి ఈ చిన్న మొక్కే. మందుల వ్యవహారంలో చిక్కు ఇంకా పెరుగుతుంది: శంఖపుష్పి పేరుతో ఉత్తరాదిలో వాడేది ప్రధానంగా కన్వాల్వులస్ ప్లూరికాలిస్, కేరళలో దింటెన, కొన్ని ప్రాంతాల్లో విష్ణుక్రాంతే. అందువల్ల పచారీ కొట్టులో ఎండు మూలిక కొనేవారు పేరును నమ్మి ఏ మొక్క తింటున్నారో తేల్చుకోలేరు. పూజకు పత్రి మారితే భక్తికి లోటేమీ రాదు గానీ, మందుకు మొక్క మారితే ఫలితమే మారుతుంది కాబట్టి ఈ తేడా పట్టించుకోవలసినదే.

హైదరాబాదు పరిసరాల్లో విష్ణుక్రాంతగా పొరబడే మొక్కలు ప్రధానంగా నాలుగు. వాటిలో దింటెనను వేరుచేయడం సులువు: అది ఎగబాకే తీగ, ఒక్కో ఆకు ఐదు నుంచి ఏడు చిన్న ఆకులుగా విడిపోయి ఉంటుంది, పువ్వు బొటనవేలంత పెద్దది, చిక్కుడు జాతి కనుక కాయ కాస్తుంది. తడి నేలలో, చేల గట్ల మీద పెరిగే ఎన్నాద్రి కూర కూడా నీలంగానే పూస్తుంది, అయితే దానికి స్పష్టంగా కనిపించే నీలి రేకులు రెండే, పువ్వు దోసిలిలాంటి ఆకుపచ్చ తొడుగు లోంచి తొంగిచూస్తుంది, ఆకు అడుగుభాగం కాడను ఒరలా చుట్టుకుని ఉంటుంది. మూడోది ఎవాల్వులస్ నమ్యులారియస్. ఇది విష్ణుక్రాంతకు దగ్గరి చుట్టం, పువ్వు మధ్యలో అవే నాలుగు పోగులు ఉంటాయి. కానీ పువ్వు తెల్లనిది, ఆకులు నాణేల్లా గుండ్రనివి, నేల తాకిన ప్రతి కణుపు దగ్గరా వేరు వేస్తుంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్క రోజూ నీళ్లు పట్టే పచ్చిక మైదానాల్లో హాయిగా పాకుతుంది.

నాలుగోది నర్సరీలలో విష్ణుక్రాంత పేరుతోనే కుండీలో దొరికేది. ముదురు నీలం పూలు, విష్ణుక్రాంత కన్నా రెట్టింపుకు పైగా వెడల్పు, గుబురుగా పెరిగే తీరు. ఇది దక్షిణ అమెరికాకు చెందిన ఎవాల్వులస్ గ్లోమరేటస్. డాబా మీద కుండీకి ఇది అందమైన మొక్కే, పెంచుకోవడంలో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడ వస్తుందంటే, కుండీ మొక్కను చూసి అలవాటుపడిన కన్ను గుట్ట మీద పువ్వును చూసి ఇంత చిన్నది విష్ణుక్రాంత కాదులే అని దాటిపోతుంది. ఫోను యాప్‌లు కూడా ఈ రెండింటినీ తరచు కలిపేస్తాయి, ఎందుకంటే దగ్గరి నుంచి తీసిన ఫొటోలో పువ్వు పరిమాణం తెలియదు. పక్కన నాణెం పెట్టి ఫొటో తీస్తే సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు నేల సంగతి. ఈ వ్యాసంలో ఎక్కువ బరువు దీనిదే. హైదరాబాదు కింద ఉన్న గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. వేడికి, వానకు, గాలికి అది పగిలి, పొరలు ఊడి, అంచులు అరిగి గుండ్లుగా, పరుపుబండలుగా మిగిలింది. ఊడిపడిన పొడి మొరంగా, ఇసుక కలిసిన ఎర్రని చెల్కగా మారింది. ఈ నేలలో లోతు ఉండదు, సారం తక్కువ, నీరు నిలవదు. రేగడి నేలలో బలంగా పెరిగే ఏపైన గడ్డి ఇక్కడ మోకాలి ఎత్తు దాటదు. విష్ణుక్రాంత సరిగ్గా ఆ బలహీనత మీదే బతుకుతుంది. తన మీద నీడ పరిచే పొడవాటి మొక్కలు లేని చోటు దానికి కావాలి.

బండ అంచునే ఎందుకు ఎక్కువగా కనిపిస్తుంది అనే ప్రశ్నకు జవాబు నీటి లెక్కలో ఉంది. పది చదరపు మీటర్ల పరుపుబండ మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 100 లీటర్ల నీరు చేరుతుంది. బండ దాన్ని పీల్చుకోదు. దాదాపు మొత్తం వాలు వెంట జారి అంచున ఉన్న బెత్తెడు మట్టిలోకి దిగుతుంది. అంటే ఆ అంచున ఉన్న మొక్కకు ఊరందరికీ పడిన వాన కన్నా ఎన్నో రెట్లు వాన పడినట్టు. నేలకు నీటిని పట్టి ఉంచే శక్తి లేకపోయినా, చిరుజల్లు కూడా అక్కడ తడుపుగా మారుతుంది. హైదరాబాదుకు ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు మధ్యలోనే. మిగిలిన నెలల్లో అడపాదడపా పడే జల్లులను కూడా వృథా పోనివ్వని చోటు బండ అంచు. అందుకే వానాకాలంలోనూ ఆ తర్వాతా నిండుగా పూసే విష్ణుక్రాంత, చైత్ర వైశాఖాల్లో అకాల వాన ఒకటి కురిస్తే అక్కడక్కడా మళ్లీ నాలుగు పూలు పూయగలదు. పంచాంగపు వసంతంలో దాన్ని చూడాలనుకునేవారు వెతకవలసిన చోటు కూడా ఆ అంచే.

నేలకు పరుచుకుని ఉండటం మరో లాభం తెచ్చిపెట్టింది. మేకలు, గొర్రెలు తిరిగే గుట్టల మీద నిటారుగా లేచిన మొక్క మొదట నోటికి చిక్కుతుంది. నేలకు అంటుకున్నది చాలావరకు తప్పించుకుంటుంది, పైగా పొడవాటి గడ్డిని మేకలు కొరికేయడం వల్ల దానికి ఎండ దక్కుతుంది. కాలిబాట పక్కన విష్ణుక్రాంత తరచు కనిపించడానికి కారణం ఇదే. అయితే ఇదంతా ఓ మోతాదు వరకే. మోటారు బండ్లు తిరిగి నేల గట్టిపడిన చోట, రోజూ నీళ్లు పట్టే లాన్‌లో, సుబాబుల్ వంటి చెట్లు దట్టంగా కమ్ముకున్న నీడలో అది నిలవదు. ఒక చోట విష్ణుక్రాంత ఉందంటే అక్కడి నేల తవ్వకానికి గురికాలేదని, ఎండ నేరుగా నేలను తాకుతోందని, నీరు పోసే చేయి ఏదీ లేదని చాలావరకు ధైర్యంగా చెప్పవచ్చు. పువ్వును చూసి నేలను చదవడం అంటే ఇదే, నేలను చూసి పువ్వును ఊహించడమూ ఇదే.

ఇది నిజంగా ఈ నేల మొక్కేనా అన్న సందేహం రావడం న్యాయమే. మనం మనవనుకునే వాటిలో చాలా మొక్కలు సముద్రం దాటి వచ్చినవి. పలక మీద రాసిన అక్షరాలు చెరపడానికి, గాయానికి పసరు పిండటానికి పిల్లలంతా వాడిన గడ్డి చామంతి మధ్య అమెరికా మొక్క. గుట్టల నిండా కాసే సీతాఫలం కూడా అమెరికా ఖండానిదే. ఎవాల్వులస్ ప్రజాతిలోని సుమారు వంద జాతుల్లో దాదాపు అన్నీ అమెరికావే కావడంతో విష్ణుక్రాంత మీద అనుమానం ఇంకా బలపడుతుంది. కానీ ఈ ఒక్క జాతి మాత్రం ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియాలలో కూడా సహజంగా విస్తరించి ఉన్నదిగా వృక్షశాస్త్రజ్ఞులు లెక్కిస్తారు. మన దేశంలో దాని ఉనికికి పాత సాక్ష్యం కూడా ఉంది: 1678, 1693 మధ్య అమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వెలువడిన హోర్టస్ మలబారికస్‌లో మలబారు తీరపు మొక్కల మధ్య ఇది విష్ణుక్రాంతి అనే మలయాళ పేరును డచ్చి చెవులు విన్న రూపంలో కనిపిస్తుంది. దేవుడి పేరుతో కూడిన వాడుక పేరు అప్పటికే స్థిరపడి ఉండటం, దశపుష్పాల వంటి ఆచారాల్లో దానికి స్థానం ఉండటం, అది నిన్నమొన్న ఓడ దిగిన మొక్క కాదనడానికి బలమైన ఆధారాలు.

నగరంలో ఇలాంటి బండ అంచులు ఇంకా మిగిలిన చోట్లు ఉన్నాయి: గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణం, ఖాజాగూడ గుట్టలు, మౌలాలీ, చిలుకూరు దగ్గరి మృగవని, గండిపేట చుట్టుపక్కల చెల్కలు. గుట్టలను పిండి చేసి కట్టడాలు లేపే తీరును ఎదిరిస్తూ 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది, కొన్ని రాతి అమరికలకు వారసత్వ గుర్తింపు కూడా దక్కింది. అయితే గుండును కాపాడి దాని చుట్టూ సిమెంటు పరిచి, పచ్చిక చాపలు వేసి, పూలకుండీలు పెడితే రాయి మిగులుతుంది గానీ రాతి అంచు మిగలదు. విష్ణుక్రాంతకు కావలసింది ఆ అంచే.

చట్టం దృష్టికి కూడా ఈ మొక్క ఆనదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, గుట్ట అంచున గడ్డిని, చిన్న మొక్కలను జేసీబీతో చదును చేయడానికి అలాంటి లెక్క లేదు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల విషయంలో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించినప్పుడు జరిగిన చర్చలో చెట్ల సంఖ్య, జింకలు, నెమళ్లు పదేపదే వినిపించాయి. అదే నేల మీద పాకే చిన్న మొక్కల ఊసు అంతగా వినిపించలేదు. చెట్టు మీది ప్రేమ తప్పు కాదు. కానీ ఖాళీగా కనిపించే ఎర్రనేల నిజంగా ఖాళీది కాదు, అక్కడ గుంతలు తవ్వి మొక్కలు నాటి నీడ కమ్మించడం కూడా ఒక రకమైన నరికివేతే అనే మాట గట్టిగా చెప్పవలసి ఉంది. పైగా వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపుమొక్క వచ్చి చేరుతుంది. ఒకసారి తిరగేసిన మొరం మీద మొదట పట్టు దొరికేది దానికే, నడుము ఎత్తు పెరిగి అది కమ్మిన చోట నేలబారు మొక్కలకు వెలుతురు అందదు.

చవితి పత్రి కోసం స్వయంగా వెళ్లేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. భాద్రపదం విష్ణుక్రాంత నిండుగా పూసే కాలం, అంటే కాయ పట్టి గింజ రాల్చడానికి సిద్ధమయ్యే కాలం. కాయ మిరియపు గింజ కన్నా చిన్నది, ఎండి నాలుగు పలకలుగా విచ్చుకుని నాలుగు గింజల దాకా విడుస్తుంది. వాన తడి ఉన్న మట్టిలోంచి మొక్క చేతికి తేలిగ్గా ఊడి వస్తుంది, దాంతో పాటు ఏళ్లుగా బతికిన కట్టె వేరూ వస్తుంది. రెండు కాడల కొసలు గిల్లుకుంటే పూజకు సరిపోతుంది, మొక్క నెల తిరక్కుండానే మళ్లీ చిగుర్చుకుంటుంది.

గుర్తుపట్టిన మొక్కను నమోదు చేయదలచినవారు పువ్వు ఫొటో ఒక్కటితో ఆగకూడదు. పువ్వును ఎదురుగా, పక్కనుంచి, వీలైతే నాలుగు పోగులు కనిపించేంత దగ్గరగా తీయాలి. ఆకు అడుగువైపు నూగు, కాడలు మొదలు దగ్గర కలిసిన తీరు, పక్కన నాణెం ఉండాలి. తర్వాత నాలుగు అడుగులు వెనక్కి వేసి మొత్తం జాగాను ఒక ఫొటో తీయాలి: బండ ఎటు వాలింది, మట్టి ఎంత మందాన ఉంది, పక్కన తంగేడు ఉందా, గునుగు ఉందా, వయ్యారిభామ చేరిందా. తేదీతో పాటు వేళ కూడా రాసుకోవాలి. ఆ చోటికే చైత్రంలో మళ్లీ వెళ్లినప్పుడు, అకాల వాన పడకపోతే పువ్వు ఉండదు, ఆకూ ఉండకపోవచ్చు. కానీ పాత ఫొటోలోని బండ వాలును పట్టుకుని వెతికితే ఎండిన గడ్డి మధ్య వేలిమందాన లేని ఒక కట్టె మొదలు, దాని చుట్టూ దారాల్లా ఎండిన కాడలు, వాటి మీద విచ్చిపోయిన నాలుగు పలకల కాయలు దొరుకుతాయి.